రెండూ పది

గిండీలో మెట్రో ఆఖరి రైలు వెళ్లిపోయింది.
మూడో అంతస్తులో ఏసీ ఆపేశారు.
మిగిలింది నేనూ,
నూట ఎనభై ఆరు ఫోన్లూ.

పోయిన నెల ఒక్క శనివారం రాత్రి
మా ఫోన్లు
మేం పేరైనా వినని దీవితో
పదకొండు గంటలు మాట్లాడాయి.
సోమవారం బిల్లు చూసి
సౌందరపాండియన్ మెడ తుడుచుకుంటూ అడిగాడు:
"రాత్రిపూట ఇక్కడ ఉండేదెవరు?"
ఉండేది వాచ్‌మన్ ఒక్కడే.
అందరి చూపులూ మెట్లు దిగి
అతని ప్లాస్టిక్ కుర్చీ దగ్గర ఆగాయి.

నిజానికి ఎవడూ లోపలికి రాలేదు.
నూట ఎనభై ఆరు తలుపులకీ
ఒకటే తాళంచెవి: నాలుగు సున్నాలు.
అట్టపెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే.
ఎక్కడిదో ఒక ప్రోగ్రాం
వీధంతా తలుపులు తోసుకుంటూ వచ్చి
మాదీ తోసింది.
తెరుచుకుంది.

ఇది రుజువు చేయడానికి నాకు మూడు రోజులు.
అతన్ని అనుమానించడానికి వాళ్లకి
టీ చల్లారేంత సేపు.

అందుకే ఈ రాత్రి
ఒక్కో బల్ల కిందకీ దూరుతున్నాను.
ఒక్కో ఫోన్‌కీ సొంత పాస్‌వర్డు, సొంత సర్టిఫికెట్టు:
గోడలోని పోర్టు "ఎవరు నువ్వు?" అంటే
చూపించాలి, లేకపోతే లైను లేదు.
మాటలకో దారి, కంప్యూటర్లకో దారి.
మధ్యలో ఎవడైనా చెవి ఆనిస్తే
వాడికి దక్కేది ఇసక రాలిన చప్పుడే.

పద్దుల వేదవల్లి గారి ఫోన్ అడుగున
సెలోటేపు కింద ఒక చీటీ:
పాస్‌వర్డు, పాలవాడి నంబరు,
మనవడి టీకా తేదీ.
మొదటి వరుస మాత్రం చింపాను.

ఇక మిగిలింది ఒక్కటే.
రాత్రి తొమ్మిది దాటాక
ఏ ఫోన్ నుంచీ ఏ ఫోన్‌కీ కాల్ వెళ్లకూడదు.
టైపు చేస్తున్నాను.

రెండూ పది.
417 మోగింది.

ఖాళీ ఆఫీసులో ఫోను
పగలు మోగినట్టు మోగదు.
ఎత్తాను. "హలో?"
అవతల ఊపిరి ఆగింది.
రిసీవర్ జారిపడ్డ చప్పుడు,
ఈల,
మెట్ల మీద కర్ర టకటకలు.

తలుపు దగ్గర మునిరత్నం,
ఒక చేత టార్చి, ఇంకో చేత మోకాలు పట్టుకుని.
"మీరా మేడమ్!
వెనక లిఫ్టులో వస్తే నాకెట్ల తెలిసేది?"
గుమ్మిడిపూండి తెలుగు,
మాట మాటకీ కొంచెం అరవం.

నా సీసాలో నీళ్లు తాగి చెప్పాడు.
చిప్ప అరిగిపోయింది,
రాత్రికి నాలుగుసార్లు ఈ మెట్లు ఎక్కలేడు.
అందుకని రెండూ పదికి
రిసెప్షన్ నుంచి ఇక్కడికి కొట్టి
నలభై సెకన్లు వింటాడు.
"ఎవురూ ఎత్తకుంటే పైన ఎవురూ లేరని లెక్క.
మోగతా ఉంటే దొంగకైనా చెయ్యి ఊరకుండదు మేడమ్,
ఎత్తనన్నా ఎత్తతాడు,
కట్టన్నా చేస్తాడు."

ఏడేళ్లుగా ఇంతే.
మూడు రోజులు లాగులన్నీ జల్లెడ పట్టినదాన్ని,
బయటికి పోయిన కాల్సే చూశాను.
లోపల్లోపల తిరిగిన ఈ నలభై సెకన్లు
నా కన్నాల్లోంచే జారిపోయాయి.

వెళ్తూ వెళ్తూ, వెనక్కి తిరక్కుండా అడిగాడు:
"ఆ బిల్లు నా మీదికి వచ్చిందంట గదా?"
"లేదు," అన్నాను.
సగం అబద్ధం.

కర్ర చప్పుడు కిందికి చేరేదాకా ఆగి
నియమం పూర్తి చేశాను.
తొమ్మిది తర్వాత అన్నీ మూత.
దాని కింద ఇంకో వరుస:
రిసెప్షన్ నుంచి 417కి,
రెండూ పదికి, అనుమతి.

కారణం రాయమని ఒక గడి ఉంటుంది.
వచ్చే వారం ఆడిటరు చదువుతాడు.
కాసేపు ఆలోచించి
"మోకాలు" అని రాశాను.